సేవకు లెక్క యేల?

భిలాయి ఉక్కునగరమున కాలము విలువను ఎవరికిని బోధింప నక్కరలేదు. సోవియట్ దేశపు సహకారముతో వెలసిన అచటి కర్మాగారములో 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. కొలిమికి రాత్రి పగలు లేవు. పని షిఫ్టులుగా సాగును. వచ్చిన వేళ, వెడలిన వేళ నమోదగును. జీతము దానిని బట్టి లభించును. జీవనోపాధికై వచ్చి అచట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. అట్టి కుటుంబీకుడొకడు షిఫ్టు ముగిసిన పిమ్మట రోగులసేవకో, పేదపిల్లలకు చదువు చెప్పుటకో పోవును. అచటకూడ ఒక పుస్తకము ముందుంచి, ఎన్ని గంటలు పనిచేసెనో వ్రాయుమందురు. అతని మనస్సు చివుక్కుమనును. భగవదర్పణముగా చేసినదానికి హాజరుపట్టీ యేల? వ్రాసిన పిదప అది నిష్కామకర్మ యగునా?

ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు. ఫలాపేక్షను విడిచి కర్మ చేయుమని గీత బోధించుచున్నది. జీవునిపై దయ చూపుట కాదు, శివభావముతో జీవుని సేవింపవలెనని శ్రీరామకృష్ణులు 1884లో ఉపదేశించిరి. సేవ్యుడు శివుడే యైనపుడు గంటల లెక్క అపచారముగా తోచుట సహజము.

అయితే రెండు పుస్తకములు ఒక్కటి కావు. జీతపు పుస్తకములోని గంట అమ్మబడినది. సేవాపుస్తకములోని గంట ఇచ్చివేయబడినది. దాత యిచ్చిన రూపాయికి రసీదు వ్రాసినంతమాత్రమున దాతృత్వము తరుగదు గదా! ఆ సొమ్ము ఇక సంఘమునదని రసీదు చాటును. గంటయు అంతే. ఇచ్చివేసిన గంట ఇచ్చినవానిది కాదు. దాని లెక్కయు అతనిది కాదు.

భక్తి వ్యవస్థను కాదనదు. 1899లో కలకత్తాలో ప్లేగు ప్రబలినపుడు రామకృష్ణ మిషన్ సేవాకార్యమునకు సోదరి నివేదిత కార్యదర్శినిగను, స్వామి సదానంద ప్రధానాధికారిగను నిలిచి, ఎవరి బాధ్యతను వారు వహించిరి.

ఆదివారపు వైద్యశిబిరమున ఇద్దరు నాలుగేసి గంటలు నిలిచిరని వ్రాసియున్నచో, మరుసటి వారమునకు ఎందరు కావలెనో తెలియును. రెండు గంటలు చేసి నాలుగని వ్రాసినచో, మిగిలిన రెండు గంటలు కాగితముపై నుండును. రోగి మంచముకడ ఎవరును ఉండరు. వంటశాలలో మౌనముగా పాత్రలు తోము స్త్రీ గంటలను వ్రాయకున్నచో, ఆమె అలసట ఎవరి కంటను పడదు. భారము ఆమెపైననే పెరుగుచుండును. ఎక్కువ వ్రాయుట, వ్రాయక విడుచుట, రెండును అన్యాయములే.

లెక్కలో ప్రమాదము లేకపోలేదు. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన జాతీయ సేవా పథకము, ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటల సేవను విద్యార్థికి విధించినది. బాలునకు చీపురు పట్టుట నేర్పు నియమము మంచిదే. కాని ధ్రువపత్రముకొరకే పట్టినవాడు 241వ గంటకు దానిని జారవిడుచును. సంఖ్య గడపవంటిది, దాటి లోనికి పోవలసినదే కాని, దానిపైననే కూర్చుండరాదు.

కావున సేవకుడు కలము పట్టుటకు ముందు తన్ను తాను రెండు ప్రశ్న లడుగుకొనవలెను. ఈ పుస్తకము రేపు అగ్నిపాలైనచో తన సేవ వ్యర్థమయ్యెనని దుఃఖించునా? ఎవరును సరిచూడని దినమునకూడ తక్కువ గంటలను తక్కువగనే వ్రాయునా? మొదటిదానికి కాదని, రెండవదానికి అవునని చెప్పగలవాడు నిస్సంకోచముగా వ్రాయవచ్చును. వ్రాసి, పుస్తకము మూసి, అందలి అంకెను మరచి, మరల రోగికడకు పోవుటయే అతనికి తగిన పని.