చలికైతే ఫర్వాలేదు

వర్జీనియా వుల్ఫ్ 1927లో రాసిన 'స్ట్రీట్ హాంటింగ్' అనే వ్యాసంలో, చలికాలం సాయంత్రం లండన్ వీధుల్లో తిరగాలని మనసైన మనిషి, పెన్సిలు కొనుక్కోవాలన్న సాకుతో ఇంట్లోంచి బయటపడుతుంది. ఎం.ఏ.లో ఆ వ్యాసం చదివినప్పుడు మా క్లాసులో అందరూ వాక్యాల అందం గురించి మాట్లాడారు. నాకు మాత్రం ఆ పెన్సిలు దగ్గరే మనసు ఆగిపోయింది. ఇంకో రెండేళ్ళకి సొంత గది గురించీ, సొంత డబ్బు గురించీ అంత నిక్కచ్చిగా రాయబోయే మనిషికి కూడా ఊరికే నడవడానికి ఒక పెన్సిలు కావలసి వచ్చింది.

మా అమ్మమ్మకి గోదావరి పుష్కరాలు కావలసి వచ్చాయి. 1967లో రాజమండ్రి వెళ్ళి ఉన్న నాలుగు రోజుల గురించి ఆవిడ పోయేదాకా చెబుతూనే ఉండేది. స్నానం గురించి చెప్పింది తక్కువ. రైల్లో కిటికీ పక్క చోటు దొరకడం, పేరు తెలీని ఆడవాళ్ళతో పులిహోర పంచుకు తినడం, రేవు మెట్ల మీద తెల్లారేదాకా కబుర్లు చెప్పుకోవడం, ఇవే చెప్పేది. పుణ్యం అనే మాట అడ్డం పెట్టుకోకపోతే ఆ నాలుగు రోజులూ ఆవిడకి దొరికేవి కావు.

కిందటి డిసెంబరులో నేనూ, నా ఇద్దరు స్నేహితురాళ్ళూ పారిస్, స్ట్రాస్‌బుర్గ్, వియన్నా తిరిగాం. మా పెన్సిళ్ళు మాకున్నాయి. నాకు పారిస్‌లో సెమినారు. లాయరు స్నేహితురాలు ఇంట్లో "దాన్ని ఒక్కదాన్నీ ఎలా పంపిస్తాం" అంది. మూడో ఆమె ఉర్దూ సాహిత్యంలో పరిశోధన చేసింది, పాతబస్తీ మనిషి. ఆమె ఏ కారణమూ చెప్పలేదు. "చూడాలనుంది" అందట. ఆ ఒక్క మాటకి వాళ్ళమ్మ మూడు వారాలు మాట్లాడలేదు.

ఐరోపా చలికాలం గురించి మనవాళ్ళు రాసే యాత్రాకథనాల్లో మంచూ, దీపాలూ ఎలాగూ ఉంటాయి. నేను గమనించింది కోటు. డిసెంబరులో పారిస్‌లో అయిదింటికల్లా చీకటి పడుతుంది, వియన్నాలో నాలుగింటికే. మోకాళ్ళు దాటిన కోటు, చెవుల మీదికి టోపీ, ముక్కు దాకా మఫ్లరు. ఆ మూటలో వయసూ, నడుమూ, ఛాతీ ఏవీ తెలియవు. రాత్రి తొమ్మిది దాటాక సెన్ నది ఒడ్డున నడుస్తుంటే మొదటి రెండు రోజులూ నాలో ఏదో తక్కువైనట్టు అనిపించింది, ఇంట్లో ఏదో మర్చిపోయి వచ్చినట్టు. మూడో రోజుకి తెలిసింది, తక్కువైంది జాగ్రత్త అని. పదమూడో ఏటి నుంచీ భుజాల మీద మోస్తున్న జాగ్రత్త. చున్నీ సరిగా ఉందా, వెనక అడుగులెవరివి, ఆటో నంబరు ఎంత అనే జాగ్రత్త.

అది ఆ ఊళ్ళ గొప్పతనమని నేననుకోను. 2015 డిసెంబరు 31 రాత్రి జర్మనీలోని కొలోన్‌లో, రైల్వే స్టేషను ముందు వందలాది ఆడవాళ్ళ మీద దాడులు జరిగింది చలికాలంలోనే. వాళ్ళూ కోట్లు వేసుకునే ఉంటారు. పైగా చలి ఇచ్చే ఈ సమానత్వం కోటు కొనుక్కోగలిగినవాళ్ళ మధ్యే. పారిస్ మెట్రో జాలీల్లోంచి వచ్చే వెచ్చటి గాలి మీద దుప్పటి పరుచుకుని పడుకున్న స్త్రీకి చలి దేన్నీ దాచిపెట్టదు. అయినా నా భుజాల మీంచి బరువు దిగిన మాట నిజమే. బట్ట కప్పుకోవడంలో ఇంత తేలిక ఉంటుందని ఒప్పుకోవడం నాబోటి స్త్రీవాదికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ నగరంలో ఆడవాళ్ళ బట్టలకి కారణాలు రాసిచ్చే అలవాటు పాతది. 1800లో పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు చేశారు. మగవాళ్ళ దుస్తులు వేసుకోవాలనుకున్న స్త్రీ వాళ్ళ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఆరోగ్య కారణమని వైద్యాధికారి సర్టిఫికెట్టు తేవాలి. జార్జ్ సాండ్ 1831లో పారిస్ వచ్చినప్పుడు తన సన్నటి చెప్పులు ఆ బురదలో పాడైపోతున్నాయని మందపాటి మగవాళ్ళ కోటు, ఇనప మడమల బూట్లు తొడుక్కుని ఊరంతా తిరిగింది. గుర్రాలనీ పశువులనీ అద్భుతంగా చిత్రించిన రోసా బొనూర్ మాత్రం అనుమతి తీసుకుంది. పశువుల సంతల్లో, కబేళాల్లో గౌను వేసుకుని నిలబడి బొమ్మలు గీయడం కుదరదని ఆమెకి తెలుసు. 1857లో ఆమెకిచ్చిన పత్రంలో కారణం 'ఆరోగ్యం' అనే ఉంది, గడువు ఆరు నెలలు. ఆమె ఆరోగ్యానికేమీ కాలేదు. బొమ్మలు గీయాలి, అంతే. కానీ గడిలో రాయడానికి ఆ మాట ఉంది, ఈ మాట లేదు. తర్వాత 1892లో, 1909లో కొంత సడలించారు: చేతిలో గుర్రం కళ్ళెం గాని, సైకిలు హ్యాండిలు గాని ఉంటే ప్యాంటు వేసుకోవచ్చు! ఆ ఉత్తర్వు చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించింది 2013లో.

అప్పటికి మరో చట్టం వచ్చేసింది. బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధిస్తూ 2010లో చేసిన చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జరిమానా 150 యూరోల దాకా. ఆరోగ్యం, ఉద్యోగం, ఆటలు, పండుగలు, కళలు మినహాయింపులు. ఆస్ట్రియాలోనూ 2017 అక్టోబరు నుంచి ఇలాంటిదే ఉంది. కొత్తలో వియన్నాలో ఒక దుకాణం ప్రచారానికి సొరచేప వేషం వేసుకున్న మనిషి మీద కూడా పోలీసులు కేసు రాశారు, జనం నవ్వుకున్నారు. గడ్డకట్టే చలిలో మఫ్లరు చుట్టుకుంటే నేరం కాదని అధికారులు వివరణ ఇచ్చారు. అంటే చలికైతే ఫర్వాలేదు. కొవిడ్ వచ్చాక, 2020లో, ఫ్రాన్సులో మాస్కు లేకుండా దుకాణంలోకి అడుగుపెట్టడమే నేరమైంది. ముఖం కప్పుకోకూడదన్న చట్టమూ అలాగే ఉంది, కప్పుకోవాలన్న నిబంధనా వచ్చింది. జబ్బుకైతే ఫర్వాలేదు.

వియన్నాలో మేం దిగిన రోజు సున్నాకి అయిదారు డిగ్రీలు తక్కువ. మా ఉర్దూ స్నేహితురాలు ఊలు మఫ్లరు ముక్కు మీదుగా రెండు చుట్లు చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ట్రాము కోసం నిలబడ్డప్పుడు అంది: "పదేళ్ళ తర్వాత ఇవాళ మళ్ళీ పూర్తి పర్దాలో ఉన్నాను. ఒక్కళ్ళు కూడా నన్ను ఉద్ధరించడానికి రావడం లేదు చూడు."

ఆమె డిగ్రీ అయ్యేదాకా బురఖా వేసుకుంది. ఇరవై మూడో ఏట తనే తీసేసింది. దాని మీద ఇంట్లో ఏడాది పాటు గొడవైంది. ఆమె చెల్లెలు, ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తల్లి వద్దన్నా వినకుండా నిఖాబ్ మొదలుపెట్టింది. దాని మీదా గొడవైంది. ఒకే ఇంట్లో, ఒకే తల్లితో.

లాయరు స్నేహితురాలు ఈ పోలికకి ఒప్పుకోలేదు. "మఫ్లరూ పర్దా ఒకటెలా అవుతాయే? హోటలు గదిలోకెళ్ళగానే ఇది మనమే తీసి పడేస్తాం. అది తీయడానికి నీకు ఏడాది పట్టింది" అంది. జుట్టు కనిపించిందని పట్టుకున్న జీనా మహ్సా అమీనీ 2022 సెప్టెంబరులో టెహ్రాన్‌లో పోలీసు నిర్బంధం తర్వాత చనిపోవడాన్ని గుర్తు చేసింది. ఫ్రెంచి చట్టం వేసుకున్న ఆమెకి 150 యూరోలే వేస్తుంది, బలవంతాన వేయించినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా అని కూడా చెప్పింది. ఇవన్నీ తేలిగ్గా పక్కన పెట్టేసే మాటలు కావు. బట్ట ఒకటే అయినా దాని వెనక ఉన్న బలం ఒకటి కాదు.

ఉర్దూ స్నేహితురాలు రషీద్ జహాఁ కథ చెప్పింది. 1932లో లక్నోలో అచ్చయి, మరుసటేడే నిషేధానికి గురైన 'అంగారే' సంకలనంలోది, పేరు 'దిల్లీ కీ సైర్'. ఢిల్లీ చూపిస్తానని మొగుడు తీసుకెళితే, ఆమె బురఖాలో స్టేషన్లో సామాను మీద కూర్చుని ఉంటుంది. అతను స్నేహితుడు కనిపిస్తే వెళ్ళిపోతాడు. గంటలు గడిచి తిరిగొచ్చాక, ఆమె ఇంటికి తీసుకుపొమ్మంటుంది. ఢిల్లీ యాత్ర అంతే. "ఆమె ముఖం మీది గుడ్డ తీసేసి అదే సామాను మీద కూర్చోబెట్టు. ఢిల్లీ కనిపిస్తుందా?" అని అడిగింది. లాయరు జవాబు చెప్పలేదు గానీ, ఒప్పుకోనూ లేదు.

నాకు బురఖా ఇష్టం లేదు. ఏ మతమైనా దేవుడి పేరు మీద ఆడదాని శరీరానికి సరిహద్దులు గీస్తుంటే నాకు నచ్చదు. కానీ ఈ వాదనలో మనం ఎప్పుడూ వాడే 'ఎంపిక' అన్న మాటా నాకు చాలడం లేదు. ఆమె ఇష్టపడి వేసుకుందా, బలవంతాన వేసుకుందా అని తవ్వడం మొదలుపెడితే, ఆ తవ్వకానికి అంతుండదు. నేను చీర కట్టుకోవడాన్నీ, బొట్టు మానేయడాన్నీ ఎవరూ అంత లోతుకి తవ్వరు. రోసా బొనూర్‌ని ఆ అధికారి ఎంపిక గురించి అడగలేదు, కారణం అడిగాడు. అడిగే హక్కు తనకుందన్న నమ్మకమే అక్కడి అసలు విషయం. కారణం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగామంటే, ఆ హక్కుని ఒప్పుకున్నట్టే.

స్ట్రాస్‌బుర్గ్‌లో క్రిస్మస్ సంత చూశాక, లాయరు పట్టుబట్టి మమ్మల్ని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా నడిపించింది. నిఖాబ్ వేసుకునే ఒక ఫ్రెంచి యువతి ఈ చట్టం మీద వేసిన కేసులో, 2014 జూలై 1న తీర్పు వచ్చింది అక్కడే. తననెవరూ బలవంతపెట్టడం లేదనీ, తనిఖీ కోసమైతే ముఖం చూపిస్తాననీ ఆమె చెప్పింది. భద్రత కోసం ఇంత పూర్తి నిషేధం అవసరమన్న వాదననీ, స్త్రీ పురుష సమానత్వం కోసమన్న వాదననీ కోర్టు అంగీకరించలేదు. 'కలిసి బతకడం' అన్న ఒక్క కారణం మీద చట్టాన్ని నిలబెట్టింది. పదిహేడుగురు జడ్జీల్లో ఇద్దరు విభేదించారు. కలిసి బతకాలంటే ఒకరి ముఖం ఒకరికి కనిపించాలి అన్నది ఆ తీర్పులోని ఊహ.

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు తచ్చాడాను, ఎందుకంటే అది పూర్తిగా తప్పు మాట కాదు. మన భాషే దానికి సాక్ష్యం చెబుతుంది. మొహం చాటేయడం, ఏ మొహం పెట్టుకుని రావడం, ముఖం చెల్లకపోవడం. ముఖం చూపించడమంటే సంబంధంలో ఉండడమే. చూపించని ముఖం వెనక తప్పో, అప్పో ఉందని మన అనుమానం. కానీ దారిన పోయే పరాయి మనిషికి నా ముఖం నేను బాకీనా? "కొంచెం నవ్వచ్చుగా" అని మనకి ఎవరెవరు చెప్పారో గుర్తు చేసుకోండి. ఆడదాని ముఖం సొంత సొత్తు కాదనీ, వీధికి అది కొంత ఇవ్వాల్సి ఉంటుందనీ అనుకోవడం ఒక్క ఫ్రాన్సు గొడవే కాదు. లెవినాస్ చెప్పిన 'ఎదుటివారి ముఖం' నన్ను బాధ్యురాలిని చేస్తుంది. నీ ముఖం చూపించు అని ఎదుటివాళ్ళని నిలదీసే అధికారం నాకు ఇవ్వదు. కనీసం నేను ఆ తత్వవేత్తని అలాగే చదువుకున్నాను.

హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం ఏ సిగ్నలు దగ్గరైనా చూడండి. స్కూటీల మీద అమ్మాయిలు తల చుట్టూ, ముఖం చుట్టూ చున్నీ బిగించి, కళ్ళు మాత్రం వదిలి ఉంటారు. చేతులకి పొడుగు గ్లవుజులు కూడా. ఎండ, దుమ్ము, అప్పుడప్పుడు వెనక సీటు మీది కుర్రాడు. ఎవరూ ఏమీ అడగరు. అదే సిగ్నలు దగ్గర నల్ల నిఖాబ్‌లో ఉన్న అమ్మాయిని చూసి మనలో కొందరికి జాలి, కొందరికి కోపం. కర్ణాటకలో 2022లో పిల్లలు తలకి గుడ్డ చుట్టుకున్నారని, ముఖం కూడా కాదు, తరగతి బయట నిలబెట్టారు. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. ఆ పిల్లల్లో కొందరు చదువే మానేశారు. వాళ్ళని విముక్తం చేయాలనుకున్నవాళ్ళు ముందు చేసింది వాళ్ళని ఇంటికి పంపడం!

వియన్నా నగరపాలక సంస్థ మరో పని కూడా చేసింది. ఈ ఊరు ఎవరిది అని ఆడవాళ్ళ రోజువారీ జీవితం మీద 1991లో అక్కడొక ఫోటో ప్రదర్శన పెట్టారు. తర్వాతి ఏళ్ళలో, పదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకి రావడం మానేస్తున్నారని గమనించి, 1999 నుంచి కొన్ని పార్కుల రూపమే మార్చారు. ఎందుకొచ్చారు, ఏం వేసుకొచ్చారు అని అడగలేదు. రావడానికి ఏది అడ్డమవుతోందో చూశారు. ఒకే ఊళ్ళో ఈ రెండు చూపులూ పక్కపక్కన ఉన్నాయి.

ఆఖరి రోజు రాత్రి మా స్నేహితురాలి చెల్లెలు హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసింది. స్ట్రాస్‌బుర్గ్‌లో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టానని చెప్పింది. లాయరు ఫోను తీసుకుని చట్టం ఉన్నదున్నట్టు వివరించింది, జరిమానా మొత్తంతో సహా. ఆ పిల్ల అంతా విని, "ఆపా, అక్కడ చలి ఎన్ని నెలలుంటుంది?" అని అడిగింది. లాయరు వేళ్ళ మీద లెక్కపెట్టింది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మార్చి దగ్గర కాస్త ఆగి, "పొద్దున పూట అయితే మార్చి కూడా" అంది.