లెక్కయు తీర్పును



ఒకడు బలహీనుడని మనకు తెలిసియున్నప్పుడు, అతడు ఓడిపోవునని ముందుగా చెప్పుట తప్పా? ఉన్నమాట చెప్పుట తప్పెట్లగునని కొందరందురు. ప్రేమగలవాడు అట్టి మాట నోట రానియ్యడని మరికొందరందురు. రెండు మాటలలోను కొంత న్యాయమున్నది. అయితే ఈ రెంటి నడుమ మనము ఎక్కడ నిలువవలెను? ఈ ప్రశ్నను మీతోకూడ ఆలోచించుటకై నేనొక ఆటను తీసికొనుచున్నాను. ఆటయే గదాయని త్రోసివేయకుడి. మనుష్యులు ఒకరినొకరు ఏ తూకపురాళ్లతో తూచుదురో ఆటస్థలములో తేటగా కనబడును.

అమెరికా దేశములో ఏటేట మార్చి నెలలో కళాశాలల బాస్కెట్ బాల్ జట్లకు ఒక గొప్ప పోటీ జరుగును. పురుషుల పోటీ 1939లో 8 జట్లతో మొదలై, 1985 నాటికి 64 జట్లకును, 2011లో 68 జట్లకును పెరిగెను. ఒక్కసారి ఓడిన జట్టు మూటకట్టుకొని ఇంటికి పోవలసినదే. రెండవ అవకాశము లేదు. పోటీకి ముందు ఒక కమిటీ కూర్చుండి, జట్లను నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగములో 1 మొదలు 16 వరకు అంకెలు వేయును. ఆ అంకెను సీడ్ అందురు. 1 పొందిన జట్టు అందరికంటె బలమైనదని, 16 పొందినది అందరికంటె బలహీనమైనదని దాని భావము. మొదటి ఆటలో 1వ జట్టు 16వ దానితోను, 2వ జట్టు 15వ దానితోను తలపడవలెను. కాబట్టి బలహీనునికి మొదటి దినముననే కొండ ఎదురగును.

ఈ పట్టిక వెలువడగానే లక్షలకొలది జనులు ఎవరు గెలుతురో ఎవరు ఓడుదురో తమ తమ కాగితములమీద వ్రాసికొందురు. 64 జట్లలో ఒకటి మిగులువరకు 63 ఆటలు జరుగవలెను. ఆ 63 ఫలితములు ఎన్ని విధములుగా ఉండవచ్చునని గుణించినయెడల, 9 ప్రక్కన 18 సున్నలు పెట్టినను ఆ సంఖ్యకు చాలదు. అన్నింటిని తప్పులేకుండ ముందుగా చెప్పినట్లు రుజువు చూపినవాడు నేటివరకు లేడు. అయినను ప్రతివాడును ఒక చిన్న జట్టును ఏరుకొని, ఇది దూరము పోవునని చెప్పగోరును. అందరు త్రోసివేసిన దానిని నేను గుర్తించితిననుకొనుటలో ఒక తీపి యున్నది.

అట్టి జట్టును కనుగొనుటకు లెక్కలు లేకపోలేదు. కెన్ పామరాయ్ అను లెక్కల నిపుణుడు గెలుపు ఓటములను మాత్రమే చూడక, బంతి చేతికి వచ్చిన ప్రతి నూరు పర్యాయములకు ఒక జట్టు ఎన్ని పాయింట్లు చేయుచున్నదో, ఎన్ని పోగొట్టుకొనుచున్నదో లెక్కించి, ఎదుటివారి బలమునుబట్టి ఆ లెక్కను సరిచేయును. అట్లు చూచినప్పుడు, పేరులేని చిన్న కళాశాలకు కమిటీ వేసిన అంకెకంటె దాని నిజమైన బలము ఎక్కువయని ఒక్కొక్కప్పుడు తేలును. మరికొన్ని గురుతులు కూడ కలవు. దూరపు గీత వెలుపలినుండి విరివిగా బంతి వేయు జట్టు ఒకనాడు చతికిలబడినను, ఇంకొకనాడు ఎవరినైనను పడగొట్టగలదు. నిదానముగా ఆడు జట్టుకును మేలే. ఎట్లనగా, బలవంతుడును బలహీనుడును నూరుసార్లు తలపడినయెడల బలవంతుని ఆధిక్యము తప్పక బయటపడును. తలపడుట కొద్దిసార్లే అయినయెడల బలహీనుడు గట్టెక్కుటకు చోటు మిగులును. బంతిని ఊరక పోగొట్టుకొననివారును, కొన్ని ఏండ్లు కలిసి ఆడి ఒకరి మనస్సు ఒకరెరిగినవారును అంకెకు మించి నిలువగలరు.

అయితే లెక్క మనకు చెప్పు కఠినమైన మాట యొకటి కలదు. ఒక చిన్న జట్టుకు ప్రతి ఆటలో మూడింట ఒక పాలు గెలుపు అవకాశమున్నదనుకొనుడి. వరుసగా నాలుగు గెలిచి చివరి నాలుగు జట్లలో చేరుటకు 81 పాళ్లలో ఒక పాలే మిగులును. 2020లో వ్యాధి కారణముగా పోటీ ఆగిపోయెను గనుక, 1985 నుండి 2025 వరకు 40 పోటీలు జరిగినవి. వాటిలో 11వ అంకెగల జట్లు ఆరుసార్లు మాత్రమే చివరి నాలుగింటిలోనికి వచ్చెను. 12 మొదలు 16 వరకు అంకెగలవి ఒక్కటియు రాలేదు. 8కి దిగువ అంకెగల జట్టు ఒక్కసారియు బిరుదు గెలువలేదు; ఆ 8వ అంకెతో గెలిచినది 1985లో విలనోవా ఒక్కటే. 2025లోనైతే నాలుగు భాగములలోని 1వ జట్లు నాలుగును చివరకు నిలిచెను. బలవంతుడు సాధారణముగా గెలుచును. దీనిని దాచువాడు బలహీనునికి మేలు చేయుటలేదు.

అయినను ఇది విషయమంతయు కాదు. 2022లో న్యూజెర్సీ రాష్ట్రమందలి జెర్సీ సిటీలోనున్న సెయింట్ పీటర్స్ అను చిన్న కళాశాలకు 15వ అంక దొరికెను. వారు మొదట ఎన్నో బిరుదులు గెలిచిన కెంటకీని 85-79తో ఓడించిరి. పిమ్మట మరీ స్టేట్‌ను, ఆ తరువాత పర్‌డ్యూను 67-64తో ఓడించి, చివరి ఎనిమిది జట్లలో చేరిరి. 15వ అంకెగల జట్టు అంతవరకు పోవుట అదే మొదటిసారి. అక్కడ నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిరి. మరుసటి సంవత్సరము ఫెయిర్లీ డికిన్సన్ అను జట్టు వచ్చెను. ఆ తరగతి జట్లన్నిటిలో అందరికంటె పొట్టివారు వారే. అంతకుముందటి సంవత్సరము వారు నాలుగే ఆటలు గెలిచియుండిరి. అట్టివారు ఏడడుగుల నాలుగంగుళముల ఆటగాడున్న పర్‌డ్యూను, అనగా 1వ అంకెగల జట్టును, 63-58తో పడగొట్టిరి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. దీనికి మంచి దృష్టాంతము చికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయపు జట్టులో దొరుకును. సిస్టర్ జీన్ డొలోరెస్ ష్మిత్ అను సన్యాసిని 1994 నుండి ఆ జట్టుకు ఆత్మీయ కాపరిగా ఉండెను. ఆటకు ముందు ఆమె పిల్లలతో ప్రార్థించుటయే గాక, ఎదుటి జట్టులో ఎవరిని కనిపెట్టి ఉండవలెనో కూడ చెప్పెడిది. ఆట ముగిసిన పిమ్మట ఎక్కడ బాగుగా ఆడిరో, ఎక్కడ తప్పిరో వారికి వ్రాసి పంపెడిది. 2018లో ఆమెకు 98 ఏండ్లు. లొయోలాకు 11వ అంక దొరికెను. ఆమెయు అందరివలెనే పట్టిక నింపెను. అందులో తన పిల్లలు రెండు ఆటలు గెలిచి, చివరి పదునారు జట్లలో ఓడిపోవుదురని వ్రాసెను!

చూచితిరా? దినదినము వారికొరకు ప్రార్థించు చేయియే వారి ఓటమిని వ్రాసెను. వారేమి చేసిరి? మయామిని 64-62తోను, టెన్నెసీని 63-62తోను, నెవాడాను 69-68తోను గెలిచిరి. ఆమె వారి ఓటమిని వ్రాసిన ఆట ఈ మూడవదే. ఒక్క పాయింటు తేడాతో ఆ వ్రాత తప్పెను. పిమ్మట కాన్సాస్ స్టేట్‌ను 78-62తో ఓడించి చివరి నాలుగింటిలో చేరి, అక్కడ మిషిగన్ చేతిలో ఓడిరి. తన పట్టిక తప్పినందుకు ఆమెకంటె ఎక్కువగా సంతోషించినవారు ఎవరుందురు? ఆమె 2025 అక్టోబరులో 106 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

ఆమె చేసినది ప్రేమలేని పని యందుమా? అనలేము. ఆమె చేసినది లెక్క, తీర్పు కాదు. ఈ రెంటికిని భేదమున్నది. లెక్క అనేకులను చూచి ఒకనిగూర్చి ఊహించును. తాను తప్పవచ్చునని దానికి తెలియును. తీర్పు ఆ ఒకనినే పట్టుకొని, నీవు ఇంతేయని ముద్రవేయును. తప్పుటకు అది ఒప్పుకొనదు. లెక్క వేసినవాడు మరునాడు సహాయము చేయుటకు లేచును. ఎక్కడ బలము చాలదో అతనికి ఇప్పుడు తెలిసినది గదా! తీర్పు చెప్పినవాడు లేచి వెళ్లిపోవును.

తీర్పు ఇంకొక అడుగు వేసి, తలుపు మూయగోరును. 2011లో వర్జీనియా కామన్వెల్త్ జట్టును పోటీకి పిలిచినప్పుడు, వీరు ఇక్కడికి రాదగినవారు కారని టెలివిజన్‌లో నిపుణులు బాహాటముగా ఆక్షేపించిరి. ఆ జట్టు మొదటి 64లో చోటుకొరకే ఒక ఆట అదనముగా ఆడి, అక్కడనుండి చివరి నాలుగింటివరకు పోయెను. వీరు గెలువరనుట యొకటి, వీరిని రానియ్యకూడదనుట మరియొకటి. మొదటిది తప్పినయెడల మన కాగితము మాత్రమే చెడును. రెండవది నెగ్గినయెడల, మన మాట తప్పో ఒప్పో ఎవరికిని ఎన్నడును తెలియకుండ పోవును.

తలుపు మూయుట ఎంత ఘోరము కాగలదో అదే లొయోలా చరిత్రలో కలదు. మిసిసిపీ స్టేట్ జట్టు, నల్లవారున్న జట్లతో ఆడరాదను అలిఖిత నియమముచేత, అర్హత సంపాదించియు కొన్ని సంవత్సరములు ఈ పోటీకి పోలేదు. 1963లో కోర్టు ఉత్తరువు అడ్డుపడుచుండగా వారు రహస్యముగా రాష్ట్రము దాటి వచ్చి, నలుగురు నల్ల ఆటగాండ్రతో మొదలుపెట్టిన లొయోలాతో ఆడిరి. లొయోలా 61-51తో గెలిచి, ఆ ఏడు బిరుదును కూడ పొందెను. ఆ ఆటలో పాయింట్లకంటె, తలుపు తెరువబడుటయే గొప్ప సంగతి.

చదువరులారా, ఇంకొక ప్రక్కనున్న అపాయమును కూడ చెప్పక విడువరాదు. చిన్న జట్టును మెచ్చుకొనువారందరు బలహీనుని ప్రేమించువారు కారు. కొందరు గెలిచిన బలహీనునే ప్రేమింతురు. మొదటి దినముననే ఓడి ఇంటికి పోయిన తక్కిన చిన్న జట్ల పేరులు ఎవరు తలంతురు? మరికొందరికి బలవంతుని అవమానమే విందు. 2018లో 16వ అంకెగల మేరీల్యాండ్ బాల్టిమోర్ కౌంటీ జట్టు, 1వ అంకెగల వర్జీనియాను 74-54తో ఓడించినప్పుడు, ఓడిన పిల్లలను చూచి దేశము నవ్వెను. వారు తలవంచుకొని పనిచేసి, 2019లో బిరుదు గెలిచిరి. కాబట్టి వర్జీనియాకును ఆనాడు వేసిన ముద్ర తప్పే. ఇక పందెముల సంగతి చెప్పనేల? 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు కేంద్ర నిషేధమును కొట్టివేసిన పిమ్మట అనేక రాష్ట్రములలో ఆటల పందెములు చట్టబద్ధమాయెను. డబ్బు పోగొట్టుకొన్నవారు పందొమ్మిది, ఇరువది ఏండ్ల పిల్లలకు దూషణలు వ్రాసి పంపుచున్నారు. మన లాభముకొరకు ఒకనిమీద పెట్టిన నమ్మకము నమ్మకము కాదు, అది బేరము.

కావున మనమేమి చేయవలెను? తరగతిలో వెనుకబడిన పిల్లవాని విషయములోను, తప్పటడుగు వేసి తిరిగివచ్చిన సహోదరుని విషయములోను, మంచముపట్టిన రోగి విషయములోను మనమందరము దినదినము అంకెలు వేయుచునే యున్నాము. అంకె వేయకుండ బ్రదుకలేము. అబద్ధపు ఆశ చెప్పుట దయ కాదు. అయితే అంకె వేసిన పిమ్మట మిమ్మును మీరు మూడు మాటలు అడుగుకొనుడి. నా లెక్క తప్పినయెడల నేను సంతోషింతునా, నొచ్చుకొందునా? అతడు నా లెక్కను తప్పించునట్లు నేనేమైన చేయుచున్నానా? అతడు ఆడి చూపుటకు తలుపు తెరిచియుంచితినా?

మొదటి ప్రశ్నకే మీ హృదయము తడబడినయెడల, మీరు వేసినది లెక్క కాదు. దానిని కొట్టివేసి, ఆ మనుష్యుని మరల చూడుడి.