తీసింది నువ్వే అయినా...

అబ్బాయ్,

రాజోలులో సొంతంగా స్టూడియో పెట్టావని విని చాలా సంతోషించాను. ముహూర్తాలు మొదలైతే కోనసీమలో నీకు చేతినిండా పనే. కెమెరా సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. పెద్దవాణ్ణి కనక ఒక్క మాట చెబుతాను, చెవినేసుకో.

డబ్బులిచ్చి తీయించుకున్న పెళ్ళి ఫొటో మీద హక్కు నీది కాదు, వాళ్ళది. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప, 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్పేది అదే. పెళ్ళికూతురి ఫొటో బాగా కుదిరింది కదా అని షాపు బోర్డు మీదకీ, ఇన్‌స్టా రీల్‌లోకీ ఎక్కించెయ్యకు. ఏ ఫొటోలు ఎక్కడ వాడుకోవచ్చో అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడే రాయించుకో. పెళ్ళికొడుకు సరేనన్నాడని ఊరుకోకు, ఆ అమ్మాయినీ అడుగు. తర్వాత తీసెయ్యమంటే వాదనకి దిగకుండా తీసెయ్.

అదే నీ సరదాకి గోదావరి గట్టున నిలబడి తీసిన ఆర్చి బ్రిడ్జి ఫొటో అయితే పూర్తిగా నీదే. నువ్వున్నన్నాళ్ళూ, నీ తర్వాత మరో 60 ఏళ్ళూ ఆ హక్కుంటుంది. దాన్ని ఏ హోటలువాడో చెప్పాపెట్టకుండా మెనూ కార్డు మీద వేసుకుంటే నీకు ఒళ్ళు మండదూ? గూగుల్‌లో దొరికిన బొమ్మ వెనకా అలాంటి మనిషే ఉంటాడు. కింద ‘సౌజన్యం’ అని వేస్తే అనుమతి వచ్చినట్టు కాదు. తెలిసి వాడితే మూడేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

మన మొగల్తూరులో పుట్టిన చిరంజీవిగారే 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకెక్కారు. తన పేరూ బొమ్మా గొంతూ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. మరి సంతలో చేపలమ్మే అవ్వకి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? 2017లో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కన్న గోప్యత ఆవిడకీ ఉంది. ఆవిడ ముఖాన్ని ఏ కంపెనీ ప్రకటనకో ఇచ్చేముందు అడగాల్సిన పూచీ నీదే.

2027లో పుష్కరాలొస్తున్నాయి. రేవుల్లో నీకు బోలెడు ఫొటోలు దొరుకుతాయి. బట్టలు మార్చుకునే ఆడవాళ్ళవైపు మాత్రం కెమెరా తిప్పకు. అది తప్పు మాత్రమే కాదు, ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కిందా, కొత్త న్యాయ సంహిత కిందా నేరం కూడా.

రసీదు పుస్తకం ఇంకా అచ్చుకి ఇవ్వలేదన్నావుగా. అందులో అనుమతికి ఒక గడి, దాని పక్కన వధూవరులిద్దరి సంతకాలకి చోటు పెట్టించు. ఆ సంతకాలు పడ్డాకే ఫొటో గడప దాటించు.