ఎవరు ఎవరికి చేసిన సేవ?

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో మన పిల్లవాడు డాక్టరు కావాలనుకుంటే నీట్ పరీక్ష రాస్తాడు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. రోగి మీద నీకు దయ ఉందా అని అతణ్ణి ఎవరూ అడగరు.

అమెరికాలో అడుగుతారు. అక్కడ మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన నాలుగేళ్ల వైద్యవిద్య. కొన్ని విశ్వవిద్యాలయాలు మాత్రం హైస్కూలు ముగిస్తున్న పిల్లల్ని రెండు చదువులకూ కలిపి ఒకేసారి చేర్చుకుంటాయి. మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సాస్ సిటీ శాఖలో 1971 నుంచీ ఇది ఆరేళ్ల చదువు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్లు. సీట్లు కొద్ది, ఆశించేవాళ్లు ఎక్కువ. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలూ వాళ్లలో ఉన్నారు. మార్కులొక్కటే చాలవు గనక ఆసుపత్రుల్లో జీతం లేని పని చేస్తారు, డాక్టరు వెంట నీడలా తిరిగి చూస్తారు. ఎన్ని గంటలు తిరిగారో రాసిపెట్టుకుంటారు. ఆ లెక్క దరఖాస్తుకెక్కుతుంది.

లెక్కగట్టిన సేవ సేవేనా అని పెద్దలు పెదవి విరుస్తారు. నాకది పెద్ద దోషంగా తోచదు. దాహంతో ఉన్న ముసలాయనకిచ్చిన గ్లాసెడు నీళ్లు, ఇచ్చినవాడి మనసులో ఏమున్నా, దాహం తీరుస్తాయి. ఏ స్వార్థమూ కలవని మనసు పెద్దవాళ్లకే లేనప్పుడు 16 ఏళ్ల వాళ్ల దగ్గర వెతకడం న్యాయం కాదు.

అసలు తప్పు ఆ లెక్కలోనే మరోచోట ఉంది. డాక్టరు పరీక్ష చేస్తుంటే, ముక్కూమొహం తెలియని కుర్రవాడు గదిలో నిలబడటానికి రోగి ఒప్పుకుంటాడు. చొక్కా విప్పి తన రోగాన్నీ, దాచుకోలేని భయాన్నీ అతని కంట పడనిస్తాడు. దానివల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. కుర్రవాడికి చదువు దొరికింది. ఇచ్చింది రోగి, పుచ్చుకున్నది కుర్రవాడు. దరఖాస్తులో మాత్రం ఆ గంట కుర్రవాడి సుగుణాల కింద జమ అవుతుంది.

ఇదేం పెద్ద విషయమా అనవచ్చు. నేను ఇచ్చాను అనుకుంటూ వైద్యంలో అడుగుపెట్టినవాడు రోగి నుంచి కృతజ్ఞత ఎదురుచూస్తాడు. నేను పుచ్చుకున్నాను అని ఎరిగినవాడు రోగి ముందు కాస్త తగ్గి కూర్చుంటాడు. వైద్యం ఎక్కడైనా రోగి ఒంటిమీదే నేర్చుకునే విద్య. మన దగ్గరా అంతే. సర్కారు ఆసుపత్రి మంచం చుట్టూ పదిమంది విద్యార్థులు మూగినప్పుడు, ఆ మంచం మీద ఉన్నది సాధారణంగా పేదవాడే. నీట్ ఈ సంగతి అడగనంత మాత్రాన మన పిల్లలకు ఆ బాకీ లేకుండా పోదు.

అడిగినంత మాత్రాన అక్కడివాళ్లకు దయ పుడుతుందనీ కాదు. అడిగే ప్రశ్నకు జవాబు బట్టీపట్టడం పిల్లలకు కొత్తా? ఆ పని తల్లిదండ్రులది. ఆసుపత్రి నుంచి వచ్చిన బిడ్డను, ఇవాళ ఎన్ని గంటలయ్యాయి అని అడిగే ముందు, నిన్ను దగ్గర నిలబడనిచ్చినవాళ్లు ఎలా ఉన్నారు అని అడగవచ్చు. తాను దానం చేశాననుకున్న పిల్లవాడికి సీటు రాగానే ఆసుపత్రితో పని తీరిపోతుంది. బాకీ పడ్డానని తెలిసినవాడికి ఆ రోజుతో ఏదీ తీరిపోదు.