ఆరు గంటలంటే ఆరు గంటలే



ధమ్మ బంధువులారా! మన విహారాల్లో, అంబేడ్కర్ భవనాల్లో వారం వారం జరిగే ఒక సంగతి గురించి ఈసారి ఆలోచిద్దాం. పైకి చిన్నదిగా కనిపిస్తుంది. తవ్వి చూస్తే మనం ఎందుకు బౌద్ధులమయ్యామో ఆ ప్రశ్న దగ్గరికే తీసుకుపోతుంది.

సాయంత్రం ఆరు గంటలకు ధమ్మ సభ అని కరపత్రంలో అచ్చేస్తాం. ఆరింటికి వచ్చేదెవరు? పొద్దున్నే నాట్లకు పోయి, ఐదింటికి ఇల్లు చేరి, ముఖం కడుక్కొని, తెల్లచీర కట్టుకొని, పిల్లను చంకనేసుకొని వచ్చే అక్క. రెండు కిరాయిలు వదులుకొని, ఆటో పక్కన పెట్టి వచ్చే తమ్ముడు. మోకాళ్ళు నొప్పులున్నా కర్ర ఊతంతో వచ్చే పెద్దాయన. ఏడింటికి కుర్చీలు వేస్తారు. ఏడున్నరకు మైకు సరిచేస్తారు. ఎనిమిదింటికి ముఖ్య అతిథి కారు దిగుతారు. ఆయన మాట్లాడటం మొదలుపెట్టేసరికి అక్క లేచి వెళ్ళిపోతుంది. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలి, తెల్లారితే మళ్ళీ పనికి పోవాలి. సభ ఎవరి కోసం పెట్టామో వాళ్ళు వినకుండానే సభ అయిపోతుంది.

"మనవాళ్ళకు టైం సెన్స్ లేదండీ" అని నవ్వేసి ఊరుకుంటాం. కానీ చూడండి, ఆ అక్కకు ఉంది. ఆమె ఆరింటికే వచ్చింది. లేనిది ఎవరికి? ఆమె రెండు గంటలు పోయినా ఫరవాలేదు అనుకున్నవాళ్ళకు. అందుకే దీన్ని అలవాటు అని వదిలేయలేం. ఎవరి కాలానికి విలువ ఉంది, ఎవరి కాలానికి లేదు అనేది ఇక్కడ అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు కులం ఏనాడో జవాబు చెప్పేసింది. పైవాడు కాచుకోబెట్టాలి, కిందివాడు కాచుకోవాలి. దొర గడీ ముందు మన తాతలు పొద్దంతా నిలబడ్డారు. ఆసామి అరుగు కింద కూలి డబ్బుల కోసం కూర్చున్నారు. "సాయంత్రం రా", "రేపు రా", "ఎల్లుండి చూద్దాం" అంటే మారుమాట లేకుండా వెనక్కి తిరిగారు. బావి దగ్గర కూడా అంతే. ఎవరో దయతలచి కడవలో నీళ్ళు పోసేదాకా దూరంగా నిలబడి చూడాలి. మనిషిని ముట్టుకోకుండానే "నువ్వు తక్కువ" అని చెప్పే పద్ధతి అది.

బాబాసాహెబ్ చిన్నతనంలో జరిగిన సంగతి మీరు వినే ఉంటారు. 1901లో సతారా నుంచి పిల్లలు రైలెక్కి, కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి బయల్దేరారు. ఫలానా రోజు వస్తున్నాం, స్టేషన్‌కు మనిషిని పంపండి అని ముందే ఉత్తరం రాశారు. మసూర్ స్టేషన్‌లో దిగి చూస్తే ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలిసి స్టేషన్ మాస్టరు ముఖం మారింది. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలనే షరతు మీద. దగ్గర అన్నం ఉంది, కానీ తాగడానికి నీళ్ళిచ్చేవారు లేక రాత్రంతా ఆకలితోనే ఉన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే ఉత్తరం అందింది. తండ్రి దగ్గర పనిచేసే నౌకరు దాన్ని ఆయనకు ఇవ్వలేదు.

ఆ పిల్లల్ని అవమానించింది అంటరానితనమే, అందులో అనుమానం లేదు. అయితే వాళ్ళు దాని చేతికి చిక్కింది రావలసిన మనిషి రాకపోవడం వల్ల. ఇదే పొరపాటు ఒక పైకులం పిల్లవాడి విషయంలో జరిగితే స్టేషన్ మాస్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు, ఎవరో ఒకరు బండి కట్టించేవారు. ఒకే ఆలస్యం అందరికీ ఒకే ఖరీదు కాదు. ఉన్నవాడికి అది విసుగు. లేనివాడికి ఒక రోజు కూలి, ఆఖరి బస్సు, ఒక్కోసారి మానం. మీకోసం ఎదురుచూసే మనిషి ఎంత బలహీనుడో, మీ మాట అంత బరువైనది.

మరి ధమ్మం ఏమంటుంది? మహాపరినిబ్బాన సుత్తంలో వైశాలి ఘట్టం ఉంది. నగరంలో వేశ్యగా పేరుపడ్డ ఆమ్రపాలి బుద్ధుని దర్శించి, రేపు భిక్షు సంఘంతో కలిసి మా ఇంటికి భోజనానికి రండి అని అడిగింది. ఆయన అంగీకరించారు. ఆమె తిరిగి వెళ్తుంటే దారిలో లిచ్ఛవి రాకుమారులు ఎదురయ్యారు. లక్ష ఇస్తాం, ఆ భోజనం మాకు వదిలెయ్ అన్నారు. వైశాలి రాజ్యమంతా ఇచ్చినా ఇవ్వనంది. వాళ్ళు నేరుగా బుద్ధుని దగ్గరికే వెళ్ళి పిలిచారు. రేపటికి ఆమ్రపాలికి మాట ఇచ్చేశాను అని ఆయన చెప్పారు. మర్నాడు ఆమె అన్నీ సిద్ధం చేసి, వేళయిందని కబురు పంపింది. ఆయన వెళ్ళారు.

ఇందులో ఉపన్యాసం ఏమీ లేదు. లోకం ఒక పక్క రాకుమారుల్ని, ఇంకో పక్క వేశ్యను పెట్టి తూచింది. బుద్ధుడు ఆ తక్కెడనే ముట్టుకోలేదు. ఎవరికి ముందు మాట ఇచ్చాను అన్నదొక్కటే చూశారు. మన సభల్లో ఈ ఘట్టాన్ని చెప్పి, ఎమ్మెల్యేగారి కోసం రెండు గంటలు కూర్చుంటే మనం చెప్పిందేమిటి, చేసిందేమిటి?

రెండో ఘట్టం వినయ పిటకంలో, మహావగ్గంలో ఉంది. ఉపనందుడనే భిక్షువు వర్షావాసం మీ దగ్గరే చేస్తానని కోసల రాజు ప్రసేనజిత్తుకు మాట ఇచ్చాడు. వెళ్తుండగా దారిలో చీవరాలు దండిగా దొరికే రెండు ఆవాసాలు కనిపించాయి. ఇక్కడ ఉంటే బాగా గిట్టుబాటవుతుంది అనుకొని అక్కడే ఆగిపోయాడు. మాట ఇచ్చి తప్పడమేమిటి, అబద్ధమాడొద్దని కదా బుద్ధుడు చెప్పేది అని రాజు బాధపడ్డాడు. విషయం బుద్ధునిదాకా వచ్చింది. ఆయన ఉపనందుణ్ణి మందలించి, ఇలా ఒప్పుకున్న మాట తప్పితే దుక్కటం అని నియమం పెట్టారు. దుక్కటం చిన్న దోషమే. కానీ దోషమే. "అనుకోకుండా ఇంకో పని తగిలిందండీ" అన్నది ఉపనందుడి నాటి నుంచీ ఉన్న సాకే.

ఇప్పుడు మనం రోజూ చెప్పుకునే పంచశీలను దీని పక్కన పెట్టి చూడండి. రెండో శీలం ఇవ్వనిది తీసుకోనని. ఎదుటివాడు మీకిచ్చింది ఆరు నుంచి ఏడు దాకా ఒక గంట. మీరు ఎనిమిదింటికి వచ్చారంటే ఆయన ఇవ్వని రెండు గంటలు తీసేసుకున్నారు. పైసలైతే తిరిగి ఇవ్వొచ్చు, దీన్ని ఎలా ఇస్తారు? నాలుగో శీలం అబద్ధమాడనని. స్నానం కూడా చేయకుండా ఫోన్‌లో "బయల్దేరిపోయా, దారిలో ఉన్నా, ఐదు నిమిషాలు" అంటాం. నవ్వుకుంటాం కూడా. ఆ ఐదు నిమిషాల మాట నమ్మి అవతల మనిషి ఎండలో నిలబడి ఉన్నాడు. నిజం చెప్పి ఉంటే నీడకు వెళ్ళి కూర్చునేవాడు.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో ఒకప్పుడు ముహూర్తం ఉండేది. తెల్లవారుజామున మూడు గంటల పధ్నాలుగు నిమిషాలకు అంటే చుట్టపక్కాలంతా చలిలో లేచి కూర్చునేవారు. నిమిషం దాటితే ఏమవుతుందోనని భయం. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నిటికీ భయమే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చూపిన దారిలో వచ్చి మనం ఆ భయాన్ని వదిలించుకున్నాం. మంచిదే. అయితే పెళ్ళి పత్రిక మీద సుముహూర్తం తీసేసి పదకొండు గంటలకు అని వేసి, ఒంటిగంటకు మొదలుపెడితే? గ్రహాలకు ఇచ్చిన మర్యాద మనుషులకు ఇవ్వలేకపోయామనే కదా అర్థం! నిమిషాన్ని పాటించడానికి మనకు భయమొక్కటే కారణమైతే, భయం పోయాక ఏమీ మిగలదు. ఎదురుచూసే మనిషి మీద గౌరవం కారణమైతే, అదే ధమ్మం. ముహూర్తం వదిలేసిన ఇంట్లోనే వేళ ఎక్కువ కచ్చితంగా ఉండాలి.

ఇక్కడ మీరొక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. "బస్సు రాకపోతే? మేస్త్రీ వదలకపోతే? పిల్లకు జ్వరం వస్తే?" నిజమే. పెద్ద ఆఫీసరు ఆలస్యంగా వస్తే "పాపం, బిజీ" అంటారు. కూలి మనిషి పావుగంట ఆలస్యమైతే సగం రోజు కూలి కోస్తారు. పేదవాడి వేళ అతని చేతిలో ఉండదు. కాబట్టి అందరి ఆలస్యాన్నీ ఒకే కర్రతో కొట్టడం న్యాయం కాదు. వర్షావాసం మూడు నెలలు కదలకూడదని నియమం పెట్టిన బుద్ధుడే, జబ్బుపడ్డ భిక్షువు కోసమో, తల్లి కోసమో, తండ్రి కోసమో వెళ్ళాల్సి వస్తే ఏడు రోజుల్లో తిరిగి వచ్చేలా వెళ్ళవచ్చన్నారు. వరదొస్తే, అగ్గి అంటుకుంటే, దొంగల భయముంటే ఆ చోటే వదిలి వెళ్ళవచ్చన్నారు. అందులో కరుణకు చోటుంది. ఉపనందుడి చీవరాలకు చోటు లేదు. తేడా అక్కడుంది. రాలేకపోవడం వేరు, అంతకంటే లాభమైనది దొరికి రాకపోవడం వేరు.

రాలేనప్పుడు ఏం చేయాలి? మొదటిది, తెలిసిన వెంటనే చెప్పండి. సమ్యక్ వాక్కు నిజమైనదిగా ఉంటే చాలదు, సమయానికి చెప్పిందై ఉండాలి. నాలుగింటికి "రాలేను" అంటే ఎదుటివాడు ఇంకో పని చూసుకుంటాడు. ఆరున్నరకు అదే మాట చెబితే అతని సాయంత్రం పోయినట్టే. రెండోది, కారణం కట్టుకథ చేయకండి. లేని చావులు, లేని జ్వరాలు సృష్టించకండి. "ఈరోజు కుదరదు, క్షమించండి" అంటే చాలు. మూడోది, మళ్ళీ ఎప్పుడు వస్తారో మీరే చెప్పి, ఆ రోజు తప్పక రండి. నాలుగోది, అసలు వెళ్ళే ఉద్దేశం లేనప్పుడు మొహమాటానికి "వస్తాలే" అనకండి. "రాను" అనడం కష్టమే, కానీ ఎవరినీ గుమ్మంలో నిలబెట్టదు.

ఎదురుచూసేవారికీ ఒక మాట. వచ్చిన మనిషిని నలుగురిలో నిలదీసే ముందు ఏమైందో అడగండి. మన ఆలస్యానికి మనం కఠినంగా, పక్కవారి ఆలస్యానికి కాస్త మెత్తగా ఉంటే బాగుంటుంది. సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం.

సభలు నడిపే పెద్దలకు కూడా మనవి. బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. రాజకీయాల్లో ప్రతి మనిషి ఓటుకూ ఒకే విలువ వచ్చింది, సామాజిక జీవితంలో ఆ సమానత్వం ఇంకా రాలేదన్నారు. ఓటు సంగతి చట్టం చూసుకుంటుంది. మనిషి గంటకు ఒకే విలువ ఇవ్వాల్సింది మాత్రం మనమే. విహారం లోపల కలెక్టరు గంట, కలుపు తీసే అక్క గంట సమానం కాకపోతే, మెట్ల సమాజాన్ని వదిలి వచ్చి ఇక్కడ మళ్ళీ మెట్లు కట్టుకున్నట్టే.

వచ్చే ఆదివారం ఒక పని చేయండి. ఆరు గంటలకు, వచ్చింది ముగ్గురే అయినా, దీపం వెలిగించి త్రిశరణం మొదలుపెట్టండి. ముఖ్య అతిథి కుర్చీ ఖాళీగా ఉన్నా ఆగకండి. ఆయన ఎప్పుడు వస్తే అప్పుడు వెనక వరసలో కూర్చుంటారు, తప్పేమీ లేదు. ముందు వరసలో చంటిపిల్లతో కూర్చున్న అక్క ఆ రోజు ధమ్మం మొత్తం విని, పొద్దుపోకముందే ఇంటికి వెళ్తుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.