ఏటేటా ఒక చిన్న అంగీ

ధ్యాన భాగం: మొదటి సమూయేలు 2:18-21

చాలా ఇళ్ళల్లో అటక మీద ఒక పెట్టె ఉంటుంది. పొట్టైపోయిన జుబ్బాలు, ఉయ్యాల కట్టిన చీర, ఊలు టోపీ, సరిగ్గా అరగకముందే బిగుతైపోయిన బుల్లి చెప్పులు, అన్నీ అందులోనే. ఎవరికైనా ఇచ్చేద్దామంటే చెయ్యి రాదు. ఉంచుదామంటే ఎవరి కోసమన్న ప్రశ్న వస్తుంది. ఇంట్లో వాళ్ళు అడిగేలోపే మన మనసే అడిగేస్తుంది.

చెల్లీ, మీ ఇంట్లో కూడా అలాంటి పెట్టె ఉందా?

ఉంటే ఈ రోజు కాసేపు నీతో మాట్లాడాలని ఉంది. పాప నడుస్తోంది, ముద్దుముద్దుగా మాట్లాడుతోంది. ఇంకో బిడ్డ కావాలని నీకూ ఉంది, మీ ఆయనకూ ఉంది. నెలలు మాత్రం వచ్చి పోతున్నాయి. ఇంతలో పొడిగించుకున్న సెలవు కూడా అయిపోవచ్చింది, ఫలానా తారీఖున వచ్చి చేరమని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఈలోపే కడుపు పండితే బాగుండునని ఒక ఆశ. చేరిన వెంటనే ఈ కబురు చెబితే మేనేజరు ముఖం ఎలా పెడతాడో అని ఒక భయం. చేరాక ఆ ప్రయాణాలూ ఆ అలసటా మొదలైతే ఇక ఈ ముచ్చట తీరదేమో అని ఇంకో భయం.

తెల్లవారక ముందే లేచి, గడియ పెట్టుకుని, ఆ చిన్న కిట్ వంక చూస్తూ నిలబడిన ఉదయాలు నీకు తెలుసు. ఒక గీతే ఉంది. రెండోది సన్నగానైనా పడిందేమోనని లైటు కిందకు తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశావు. లేదు. పాత పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టావు. బయట నుంచి బుల్లి చేతులు తలుపు కొడుతున్నాయి, "అమ్మా!" అని. ముఖం కడుక్కుని వచ్చి పాలు పొయ్యి మీద పెట్టావు. ఆ ఏడుపుకు ఆ రోజంతా ఎక్కడా చోటు దొరకలేదు.

చోటు దొరకని బాధ ఇది. స్త్రీల కూడికలో ప్రార్థనాంశాలు అడిగినప్పుడు, పిల్లలు లేని అక్క పక్కనే కూర్చుని ఉంటుంది. ఆమె ముందు నోరు తెరిచి ఏమని చెప్తావు? "ఒకరున్నారు కదా, అదే చాలనుకోవాలి" అని నీకు నువ్వే సర్దిచెప్పుకుంటావు. ఇటు చూస్తే ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు అనే పెద్దవాళ్ళు. ఆ సామెత నాకు ఎప్పుడూ నచ్చలేదు. నీ ఒళ్ళో ఉన్న బిడ్డ నిండు బిడ్డ. ఆ బిడ్డను చూసి మురిసిపోతూనే ఇంకొకరిని అడగడం తప్పు కాదు. పాపను ఇచ్చిన తండ్రినే కదా అడుగుతున్నావు. ఆయన దగ్గర మొహమాటం ఎందుకు?

హన్నా కథ నీకు తెలుసు. షిలోహులో బిడ్డ కోసం ప్రార్థిస్తుంటే ఆమె పెదవులు మాత్రమే కదిలాయి, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆ తర్వాత సమూయేలు పుట్టాడు. మనం సాధారణంగా అక్కడితో ఆపేస్తాం. తర్వాతి అధ్యాయంలో ఉన్న నాలుగు వచనాల మీద ఎవరూ పెద్దగా నిలబడరు. నిన్ను కాసేపు అక్కడ కూర్చోబెట్టాలని నా ఆశ.

పాలు విడిచాక సమూయేలును మందిరంలో అప్పగించి వచ్చేసింది హన్నా. రామాలో ఇల్లు, షిలోహులో కొడుకు. ఏటేటా బలి అర్పించడానికి భర్తతో వెళ్ళేటప్పుడు ఆ పిల్లవాడికి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది. ఆ కుట్టడం ఎలా ఉండేదో ఆలోచించు. ఏడాదిగా కళ్ళతో చూడని పిల్లవాడు. ఎంత ఎత్తు ఎదిగాడో? భుజాలు ఎంత వచ్చాయో? పక్కింటి పిల్లవాణ్ణి నిలబెట్టి కొలత చూసుకుందేమో. ఎందుకైనా మంచిదని లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టిందేమో. లేఖనం ఇవన్నీ చెప్పదు గానీ, పిల్లలకు బట్టలు కుట్టిన తల్లికి ఇవి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇద్దరూ అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఏలీ వాళ్ళను దీవించి, ఇంకా సంతానం కలగాలని కోరేవాడు. దేవుడు హన్నాను దర్శించాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు పుట్టారు.

సమూయేలు కోసం హన్నా కార్చిన కన్నీళ్ళు మనకు తెలుసు. రెండో బిడ్డ కోసం ఏమని ప్రార్థించిందో, ఎన్ని రాత్రులు మెలకువగా ఉందో ఒక్క మాట కూడా రాసి లేదు. ఆ సంవత్సరాల్లో ఆమె చేతి పని గురించి రాసి ఉన్నది ఆ అంగీ ఒక్కటే. ఎవరూ చూడని ఆ ప్రార్థనలను దేవుడు చూడలేదనుకుంటున్నావా? నువ్వు చెత్తబుట్ట అడుగున పెట్టినది కూడా ఆయన చూశాడు చెల్లీ.

హన్నా పరిస్థితి, నీ పరిస్థితి ఒకటి కాదు. ఆమె కొడుకు దూరంగా ఉన్నాడు, నీ బిడ్డ నీ కొంగు పట్టుకుని తిరుగుతోంది. కానీ నాకు ధైర్యమిచ్చిన సంగతి ఒకటుంది. రెండో బిడ్డ కోసం ఆమె ఊరికే కూర్చున్న సంవత్సరాలు లేవు. దారం, సూది, వంట, ప్రయాణం, ఉన్న బిడ్డకు చేయాల్సినది, వీటి మధ్యలోనే దేవుడు ఆమెను దర్శించాడు. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు దర్శించగల దేవుడే కదా, క్యాబ్ ఎక్కి ఆఫీసుకు వెళ్ళినంత మాత్రాన నీ చిరునామా ఆయనకు తప్పిపోతుందా? చేరాల్సిన తారీఖు పెట్టింది ఆఫీసు. ఆ గడువు నీ గర్భానికి ఎవరూ పెట్టలేదు.

అందుకే ఉద్యోగాన్నీ బిడ్డనూ ఎదురెదురు పెట్టి చూడకు. చట్టం కూడా కొంత నీ పక్షానే ఉంది. 2017లో మార్చినప్పటి నుంచి, మొదటి ఇద్దరు పిల్లల దాకా 26 వారాల ప్రసూతి సెలవు జీతంతో వస్తుంది. రెండోసారి అడగడం మొదటిసారి కంటే తక్కువ హక్కేమీ కాదు. ప్రసవం తారీఖుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి, అంతే. చేరిన నెలలోనే గర్భం నిలిచినా ఆ 80 రోజులు పూర్తి కావడానికి వ్యవధి ఉంటుంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ ఉండాలి, పగలు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఇవి అడగడానికి తల దించుకోవాల్సిన పని లేదు.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది" అని చెప్పేవాళ్ళు నీకు చాలామంది ఉండి ఉంటారు. ప్రేమతోనే చెప్తారు. వినే మనసుకు మాత్రం, నా దిగులు వల్లే రావడం లేదా అన్న కొత్త నేరం అంటుకుంటుంది. ఆ భారం దించెయ్. ఏ లోపమూ లేని జంటకైనా ఒక్కో నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగైదింట ఒకటే. ఇంకా పాలిస్తుంటే అండం విడుదల ఆలస్యం కావచ్చు. 35 ఏళ్ళ లోపైతే ఏడాది ప్రయత్నించాక, దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవమంటారు. నెలసరి క్రమం తప్పుతుంటే అంతకాలం కూడా ఆగక్కర్లేదు. మొదటి బిడ్డ సులువుగా పుట్టింది కదా అని ఇంట్లో వాళ్ళు కొట్టిపారేసినా సరే, వెళ్ళు. మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు. కారణం మగవారి వైపు ఉండడం అరుదేమీ కాదు, వారికి చేసే పరీక్ష కూడా చిన్నదే. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గిపోయినట్టని ఎవరైనా అంటే నమ్మకు. వైద్యానికి వాడే జ్ఞానం కూడా ఆయన ఇచ్చిందే.

హన్నా భర్త ఎల్కానా గురించి కూడా ఒక మాట. పాలు విడిచేదాకా ఈసారి నేను షిలోహుకు రాలేనని హన్నా చెప్పినప్పుడు, నీకు మంచిదనిపించినట్టే చెయ్యమన్నాడు. వాదించలేదు. మీ ఆయన కూడా నెలనెలా నీ ముఖం చూసి ఫలితం గ్రహించి, ఏమనాలో తెలియక ఊరుకుంటున్నాడేమో. నువ్వు నోరు విప్పితే ఆయనకూ దారి దొరుకుతుంది.

రెండో బిడ్డ తప్పకుండా పుడుతుందని నేను నీకు మాట ఇవ్వలేను. వచ్చే ఏడు ఈ పాటికల్లా అని తేలిగ్గా చెప్పేసేవాళ్ళ మాటలు విని ఎంతమంది తల్లులు కుమిలిపోయారో నాకు తెలుసు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. పుట్టినా పుట్టకపోయినా నిన్ను ఒంటరిగా వదిలేసే దేవుడు కాడు ఆయన. రెండు గీతలు కనిపించిన రోజున ఎంత దగ్గరగా ఉంటాడో, ఒక్క గీత రోజున కూడా అంతే దగ్గరగా ఉన్నాడు.

మరి ఈ వారం ఏం చేద్దాం? ఫోనులో రోజులు లెక్కపెట్టే ఆ యాప్‌ను పొద్దున లేవగానే తెరవకు. మొదట పాపను ఒళ్ళోకి తీసుకుని, ఆ పిల్ల పేరు పెట్టి ఒక్క నిమిషం దేవునికి కృతజ్ఞత చెప్పు. ఆ వెంటనే, అదే గొంతుతో, ఇంకో బిడ్డను అడుగు. రెండూ ఒకే ప్రార్థనలో ఉండనీ. రాత్రి పాప పడుకున్నాక మీ ఆయనతో కూర్చుని ఇంతవరకు ఒక్కదానివే మోసినదంతా చెప్పు. ఇద్దరికీ కలిపి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టకపోతే అప్పుడే అడుగు, గర్భం నిలవకముందు నుంచే వేసుకోవాల్సిన మాత్ర అది. క్రెష్ గురించి, వేళల గురించి హెచ్ఆర్ వాళ్ళకు నాలుగు వాక్యాల మెయిల్ రాయి. స్త్రీల కూడికలో నీకు నమ్మకమున్న ఒక్క అక్కను పక్కకు పిలిచి, నా కోసం ప్రార్థించండని అడుగు.

ప్రార్థన: తండ్రీ, నాకిచ్చిన బిడ్డ కోసం వందనాలు. ఇంకో బిడ్డ కావాలని నా మనసు ఎంత కొట్టుకుంటోందో నీకు తెలుసు, దాచను. నేను చేరబోయే పనిలో, నేను లేని గంటల్లో నా పాపకు తోడుగా ఉండు. నా భర్తతో మనసు విప్పి మాట్లాడే ధైర్యం ఇవ్వు. మమ్మల్ని చూసే డాక్టరుకు మంచి ఆలోచన ఇవ్వు. ఈ నెల ఏ జవాబు వచ్చినా మళ్ళీ నీ దగ్గరికే వస్తాను. యేసు నామంలో అడుగుతున్నాను. ఆమేన్.