అక్క ముందు నేర్చిన ఆట

చెన్నైలో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఓ చిన్నపిల్ల పొద్దస్తమానం టీవీకి అతుక్కుపోయేది. కార్టూన్ల పిచ్చి తగ్గుతుందని అమ్మానాన్నలు చెస్ క్లాసులో చేర్పించారు. తొలిప్రేమ ఎవరికి ఎక్కడ పుడుతుందో ఎవరు చెప్పగలరు! ఆ పిల్లకు అరవై నాలుగు గళ్ళ మీద పుట్టింది. నాలుగేళ్ళ చిన్నవాడైన తమ్ముడు అక్క పక్కన చేరాడు. అక్క పావులు కదుపుతుంటే చూశాడు. ఆనక తానూ కదిపాడు.

ఆ అక్క వైశాలి. తమ్ముడు ప్రజ్ఞానంద.

2013లో మాగ్నస్ కార్ల్‌సన్ చెన్నై వచ్చి ఒకేసారి ఎంతోమందితో ఆడాడు. ఆ ఆటలో పన్నెండేళ్ళ వైశాలి ఆయన్ను ఓడించింది. అదే ఏడాది ఆయన ఇదే ఊళ్ళో ప్రపంచ కిరీటం గెలిచాడు.

మూడేళ్ళు తిరిగేసరికి ఇంటి కథ మారింది. 2016లో తమ్ముడు పదేళ్ళకే ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ హోదా అంతకుముందు ఎవరికీ రాలేదు. 2018లో, పన్నెండేళ్ళకు, చెస్‌లో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్. ఇంటికొచ్చే వాళ్ళందరి నోటా తమ్ముడి పేరే.

అది తనకు కష్టంగా అనిపించిందని వైశాలి తర్వాత దాచుకోకుండా చెప్పింది. ఆ మాట చెప్పగలగడం నా దృష్టిలో ఆమె గెలిచిన ఏ పతకానికీ తీసిపోదు. తమ్ముడంటే ప్రాణం. తాను ముందు నేర్చిన ఆటలో వాడు ముందుకు వెళ్ళిపోయాడన్న బాధా ఉంది. రెండూ నిజాలే. పదిహేను, పదహారేళ్ళ వయసులో ఆ రెంటినీ ఒకే గుండెలో మోయడం చిన్న విషయమా? చాలామంది అక్కడే పావులు పెట్టెలో సర్దేస్తారు. ఈ అమ్మాయి సర్దలేదు. తమ్ముడికీ తనకూ గురువు ఒక్కరే, ఆర్.బి. రమేశ్. పరదేశం వెళ్ళినా రసం, అన్నం వండిపెట్టే అమ్మ నాగలక్ష్మి ఇద్దరికీ ఉంది.

2023 డిసెంబరులో స్పెయిన్‌లో వైశాలి 2500 రేటింగు దాటి గ్రాండ్‌మాస్టర్ హోదాకు చివరి మెట్టు ఎక్కింది. హంపి, హారికల తర్వాత గ్రాండ్‌మాస్టర్ అయిన మూడో భారత మహిళ. అక్కాతమ్ముళ్ళిద్దరూ గ్రాండ్‌మాస్టర్లు కావడం ప్రపంచంలో అదే మొదలు. మరుసటి ఏడాది టొరంటోలో, ప్రపంచ కిరీటానికి పోటీపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీకి ఇద్దరూ వెళ్ళారు. అక్కడ ఆమె వరసగా నాలుగు ఆటలు ఓడింది. ఇక పనైపోయిందనుకున్నారు జనం. చివరి ఐదు ఆటలూ గెలిచి రెండో స్థానంలో మరో ఇద్దరితో సమంగా నిలిచింది.

నీతి: ముందు మొదలుపెట్టినవాళ్ళే ముందు చేరాలన్న నియమం ఏ ఆటలోనూ లేదు. తోడబుట్టినవాడు దాటిపోయినంత మాత్రాన మనం ప్రేమించిన పని మనది కాకుండా పోదు. ఈ కథ పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ అవసరమని నా నమ్మకం. "మీ తమ్ముణ్ణి చూసి నేర్చుకో" అన్న మాట మన ఇళ్ళలో ఎంతమంది అక్కల చేత బ్యాటూ బంతీ, వీణా, కుంచే కింద పెట్టించిందో! ఆ మాట నాలుక చివరకు వచ్చినా మింగేయండి. అమ్మాయి మనసు నొచ్చుకుందని చెబితే, అసూయ అని తిట్టకుండా వినండి. రేపటి ఆటకు మళ్ళీ తీసుకెళ్ళండి. తమ్ముడి తర్వాత అయిదేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు వైశాలికి ఇంకా ఇరవై రెండేళ్ళే.